ప్రయాణంలో సీప్యాప్ మొరాయిస్తే: ఎందుకు, ఏం చేయాలి

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు (స్లీప్ ఆప్నియా) ఉన్నవాళ్లం రాత్రిళ్లు మాస్క్‌లోంచి గాలి తోసే మెషిన్ వాడతాం, అదే సీప్యాప్. ఇంట్లో ఉన్నన్నాళ్లూ దాని గురించి పెద్దగా ఆలోచించం. రాత్రి మాస్క్ పెట్టుకుంటాం, పొద్దున తీసేస్తాం. ఊరు మారితే మాత్రం ప్లగ్గు పట్టదు, ట్యూబులో గుడగుడమంటుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. రెండు రాత్రులు అవస్థ పడి మూడో రాత్రి మెషిన్‌ని బ్యాగులోంచి తీయడమే మానేస్తారు చాలామంది. నేనూ ఒకసారి అలాగే నాలుగు రాత్రులు మానేశాను. ఐదో రోజు కారు నడుపుతుంటే కళ్లు మూతపడ్డాయి. బండి రోడ్డు పక్కకి తీసి ఆపాక చేతుల వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

అప్పటినుంచి ఒక మాట పట్టుకున్నాను. నిద్రలో ఊపిరి ఆగకుండా చూసేది గాలి ఒత్తిడి. హ్యూమిడిఫయర్, అంటే డబ్బాలో నీళ్లు వేడిచేసి గాలికి తేమ కలిపే భాగం, ఉన్నది ఆ గాలి హాయిగా ఉండటానికి. దారిలో ఎదురయ్యే తిప్పలు చాలావరకు హ్యూమిడిఫయర్‌వే: నీళ్లు దొరకవు, నీళ్లు ఒలుకుతాయి, కరెంటు ఎక్కువ తాగుతుంది. రెండిట్లో ఒకటి వదులుకోక తప్పని రాత్రి నీళ్లు వదిలేయండి, గాలిని మాత్రం వదలొద్దు. కింద చెప్పినవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. ముక్కుకి, సైనస్‌లకి ఆపరేషన్ అయినవాళ్లు, తేమ తప్పనిసరి అని డాక్టర్ చెప్పినవాళ్లు మాత్రం ముందే అడిగి బయల్దేరాలి.

ట్యూబులో గుడగుడ, ముఖం మీద నీటి చుక్కలు

ఒక కొండ ప్రాంతంలో చలికాలం రాత్రి, పెదవి మీద చల్లటి చుక్క పడి మెలకువ వచ్చింది. ఫోన్ లైటు వేసి చూస్తే బల్లకీ మంచానికీ మధ్య ట్యూబు ఉయ్యాలలా వేలాడుతోంది. ఆ వంపులో రెండు చెంచాల నీళ్లు. నేను ఊపిరి తీసినప్పుడల్లా ముందుకి, వదిలినప్పుడల్లా వెనక్కి కదులుతున్నాయి.

ఇది మెషిన్ పాడవడం కాదు. డబ్బాలోంచి వెచ్చగా, తడిగా బయల్దేరిన గాలి చల్లటి గదిలో ఆరడుగుల ట్యూబు దాటేసరికి చల్లబడుతుంది. మోయలేని తేమని ట్యూబు గోడల మీదే వదిలేస్తుంది. ఐసు వేసిన గ్లాసు బయట చెమర్చినట్టే, ఇక్కడ చెమర్చేది లోపలివైపు. ఇంట్లో సరిపోయిన సెట్టింగ్ చలి గదిలో ఎక్కువైపోతుంది.

ముందు మెషిన్ ఆపి, ట్యూబుని రెండు చివరలా ఊడదీసి, బాత్రూంలో నిలువుగా పట్టుకుని దులపండి. మెషిన్‌కి తగిలించి ఉండగా ఎత్తి వంచితే నీళ్లు లోపలికి పోతాయి. తర్వాత తేమ సెట్టింగ్ ఒకటి రెండు మెట్లు తగ్గించండి. ట్యూబుని దుప్పటి కిందనుంచి తెచ్చుకోండి, లేదా చుట్టూ పల్చటి తువ్వాలు చుట్టండి. ఏసీ గాలి నేరుగా తగలకుండా మెషిన్‌ని పక్కకి జరపండి. మెషిన్ మీ తల కంటే కింద ఎత్తులో ఉంటే మిగిలిన చుక్కలు ముఖం మీదికి రాకుండా వెనక్కి జారతాయి. వేడెక్కే ట్యూబు ఉన్నవాళ్లు తేమ తగ్గించే ముందు ట్యూబు వేడి పెంచి చూడండి. చాలాసార్లు అంతటితోనే సర్దుకుంటుంది.

నోరు ఎండిపోతోంది, ముక్కులో మంట, ఒక్కోసారి నెత్తురు చార

ఎండుతున్నది నోరా, ముక్కా అన్నది ముందు తేల్చుకోండి. రెండిటికీ కారణం ఒకటి కాదు.

ముక్కు బాగానే ఉండి నోరు మాత్రమే అట్టకడితే గాలి నోట్లోంచి జారిపోతోందని అర్థం. తేమ ఎంత పెంచినా లాభం ఉండదు. ప్రయాణపు అలసటకి దవడ వాలిపోవడం, దుమ్ముకో జలుబుకో ముక్కు దిబ్బడ వేయడం దీనికి మామూలు కారణాలు. పడుకునే ముందు సెలైన్ స్ప్రేతో ముక్కు శుభ్రం చేసుకోండి, పక్కకి తిరిగి పడుకోండి. ముక్కు మాస్క్ వాడేవాళ్లకి గడ్డం కింద పట్టీ కొంత సాయపడుతుంది.

ముక్కే ఎండుతుంటే గాలి పొడిగా ఉన్నట్టు. ఏసీ గదుల్లో, ఎత్తు ప్రాంతాల్లో, విమానంలో ఇది సహజం. హ్యూమిడిఫయర్ ఉంటే పెంచండి. లేకపోతే సెలైన్ స్ప్రే, ముక్కులో రాసుకునే, నీటితో చేసిన నాసల్ జెల్ వాడండి. వాజలైన్ లాంటి జిడ్డు రాయొద్దు, మాస్క్ సిలికాన్ పాడవుతుంది. కొన్ని చిన్న ట్రావెల్ మెషిన్లకి నీళ్లు అక్కర్లేని తేమ బిళ్లలు వస్తాయి. మనం వదిలే ఊపిరిలోని తడిని పట్టుకుని మళ్లీ లోపలికి తీసే ఊపిరికి అందిస్తాయి. వాటిని వాటికోసం చేసిన మెషిన్‌తోనే వాడాలి. వేడి హ్యూమిడిఫయర్ ఉన్న మామూలు మెషిన్‌కి తగిలిస్తే తడిసి ముద్దై గాలికి అడ్డుపడతాయి.

డిస్టిల్డ్ వాటర్ దొరకలేదు

డిస్టిల్డ్ వాటరే ఎందుకంటే అందులో ఖనిజాలు ఉండవు. మామూలు నీళ్లు ఆవిరయ్యేకొద్దీ డబ్బా అడుగున తెల్లటి పొర కడుతుంది. అది గాలిలో కలిసి మన ఊపిరితిత్తుల్లోకి రాదు. పాడయ్యేది డబ్బా. అందుకని రెండు మూడు రాత్రులకి సీసాలో అమ్మే తాగునీళ్లు పోసుకున్నా కొంప మునగదు. ఇంటికొచ్చాక ఒక వంతు వెనిగర్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి కాసేపు నానబెట్టి కడిగితే ఆ పొర పోతుంది.

కుళాయి నీళ్లు తప్పకపోతే బాగా మరిగించి చల్లార్చి వాడండి. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఖనిజాలు మాత్రం అలాగే ఉంటాయి. కొత్తచోట కుళాయి నీళ్లు మరిగించకుండా పోయొద్దు. మందుల షాపులో దొరికే స్టెరైల్ వాటర్ నిక్షేపంగా పనికొస్తుంది. సెలైన్ మాత్రం వద్దు, ఆవిరయ్యాక ఉప్పు మిగులుతుంది. సువాసన నూనెలు, యూకలిప్టస్ చుక్కలు అసలే వద్దు. నిన్నటి నీళ్ల మీద కొత్త నీళ్లు పోయకుండా రోజూ పారబోసి, కడిగి, ఆరబెట్టాలి. ఏ నీళ్లూ నమ్మకంగా లేవా? డబ్బా ఖాళీగా పెట్టి, వేడి ఆపేసి, గాలి ఒక్కటే వాడండి.

మెషిన్ ఆన్ కావట్లేదు, లేదా మధ్యరాత్రి ఆగిపోయింది

వేరే దేశంలో అయితే ముందు అడాప్టర్ మీద సన్నగా రాసింది చదవండి. ఇప్పటి సీప్యాప్‌లు దాదాపు అన్నిటి మీదా 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. అలా ఉంటే వోల్టేజ్ మార్చే పెట్టె అక్కర్లేదు, ఆ దేశపు సాకెట్‌కి సరిపోయే ప్లగ్గు చాలు.

హోటల్ గదుల్లో అసలు దొంగ తలుపు పక్కన కార్డు పెట్టే స్విచ్. కార్డు తీస్తే కొన్ని సాకెట్లకి కరెంటు పోతుంది. పడుకునే ముందే ఏ సాకెట్ దానికి లంకె ఉందో చూసుకోండి. బల్ల దీపం స్విచ్‌కి ముడిపెట్టిన సాకెట్లు కూడా ఉంటాయి, దీపం ఆర్పితే మెషిన్ కూడా ఆగుతుంది. మంచానికి దూరంగా ఉన్న సాకెట్ కోసం రెండు మీటర్ల ఎక్స్‌టెన్షన్ తీగ బ్యాగులో పడేసుకోండి. నేను మందుల డబ్బా మర్చిపోతానేమో గానీ అది మర్చిపోను.

కారులోంచి అయితే ఇన్వర్టర్ కన్నా మెషిన్ కంపెనీ అమ్మే డీసీ అడాప్టరే మేలు. కొన్ని మెషిన్లు 12 వోల్టులవి, కొన్ని 24 వోల్టులవి. సూది పట్టింది కదా అని వేరేది గుచ్చితే కాలిపోవచ్చు.

బ్యాటరీ తెల్లారేదాకా రావట్లేదు

గాలి తోసే మోటారు తీసుకునేది కొంచెమే. నీళ్లు వేడిచేసే పలక, వేడి ట్యూబు తినేది ఎక్కువ. ఒక ఉదాహరణ: బ్యాటరీ 96 వాట్-అవర్లది. మోటారుకి 10 వాట్లు పడితే లెక్కకి తొమ్మిది గంటలకి పైనే. తేమా వేడీ కలిపి 40 వాట్లు లాగితే రెండున్నర గంటలు కూడా రాదు. మీ మెషిన్ అంకెలు మాన్యువల్‌లో చూసుకోండి, ఒత్తిడి పెరిగినా మాస్క్ లీకైనా వాడకం పెరుగుతుంది. బ్యాటరీ రాత్రి అంటే హ్యూమిడిఫయర్ ఆపే రాత్రి. బయల్దేరకముందు ఇంట్లో ఒక రాత్రి అలా పడుకుని పరీక్షించండి.

విమానంలో విడి లిథియం బ్యాటరీ చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. 100 వాట్-అవర్ల లోపువి మామూలుగా తీసుకెళ్లొచ్చు. 100 నుంచి 160 మధ్యవాటికి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అదీ రెండే.

బ్యాగు తీస్తే మెషిన్ లోపల తడి

పొద్దున హడావిడిలో డబ్బాలో నీళ్లు ఉంచేసి సర్దితే జరిగేది ఇదే. బ్యాగు పక్కకి వాలగానే నీళ్లు గాలి దారిలోంచి మోటారు దగ్గరికి పోతాయి. అలా అనిపిస్తే ప్లగ్గు పెట్టకండి. డబ్బా, ట్యూబు, ఫిల్టర్ తీసి, నీళ్లు కారేలా వంచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక కూడా వింత శబ్దమో, కాలిన వాసనో వస్తే ఆపేసి సర్వీసుకి ఇవ్వాల్సిందే.

విమానంలో సీట్లో కూర్చుని వాడుకునేవాళ్లకీ ఇదే సూత్రం: హ్యూమిడిఫయర్ వద్దు, ఒక్క కుదుపు చాలు. సీటు దగ్గర సాకెట్ ఉంటుందా, మెషిన్ వాడనిస్తారా అని ముందే కనుక్కోండి, కొన్ని ఎయిర్‌లైన్స్ 48 గంటల ముందు చెప్పమంటాయి. మెషిన్‌కి ఎయిర్‌ప్లేన్ మోడ్ ఉంటే వేసుకోండి. చెక్-ఇన్ సామానులో మెషిన్ వేయకండి. అమెరికాలో ఇది సహాయక పరికరం కాబట్టి చేతి సామాను లెక్కలో కలపకూడదన్న నియమమే ఉంది. స్కానర్ దగ్గర బ్యాగులోంచి తీయమంటే శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి ట్రేలో ఉంచండి. డాక్టర్ రాసిచ్చిన కాగితం ఫోటో ఫోన్లో ఉంటే వాదనలు తగ్గుతాయి.

మాస్క్ పక్కనుంచి బుస్సుమంటోంది

సన్‌స్క్రీన్, చెమట, లేదా కొత్త దిండు. ముఖం కడుక్కుని, మాస్క్ మెత్తని సబ్బునీళ్లతో కడిగి, పడుకుని గాలి వస్తుండగా పట్టీలు సర్దుకోండి. కూర్చుని బిగించుకుంటే పడుకున్నాక మళ్లీ వదులవుతుంది.

కొండ ఎక్కాక గాలి చాలట్లేదు అనిపిస్తోంది

ఎత్తుకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది. ఇప్పటి మెషిన్లు చాలావరకు 8,000 అడుగుల దాకా తమంతట తామే సర్దుకుంటాయి. బాగా పాతవాటికి ఎత్తు సెట్టింగ్ మనం మార్చాలి. అంతకంటే పైకి వెళ్లేవాళ్లు డాక్టర్‌తో మాట్లాడి వెళ్లాలి. ఎత్తులో మెదడే ఊపిరి తీయమని చెప్పడం మరిచే విరామాలు పెరుగుతాయి, అవి సీప్యాప్‌తో పూర్తిగా ఆగవు. ఒత్తిడి అంకె మీరే పెంచుకోవడం దీనికి మందు కాదు.

ఏం చేసినా ఆ రాత్రికి మెషిన్ నడవదు

తల, భుజాలు ఎత్తుగా ఉండేలా దిండ్లు పేర్చుకుని పక్కకి తిరిగి పడుకోండి. వెల్లకిలా తిరగకుండా వీపు వెనక బ్యాగు ఆనించండి. మద్యం వద్దు, నిద్రమాత్రలు వద్దు, రెండూ గొంతు కండరాలని ఇంకా వదులు చేస్తాయి. పక్కన పడుకున్నవాళ్లకి చెప్పి ఉంచండి, ఊపిరి ఆగినట్టు అనిపిస్తే తట్టి లేపమని. మర్నాడు ఎంత హుషారుగా ఉన్నట్టు అనిపించినా స్టీరింగ్ వేరేవాళ్లకి ఇచ్చేయండి.