తాతయ్య చేసిన బొమ్మరిల్లు: ఊడిన గోడలు అతికించాను

అమ్మ చిన్నప్పుడు తాతయ్య తెల్లపొణికి చెక్కతో చేసిచ్చిన బొమ్మరిల్లు ఇది. వానాకాలం వస్తే చాలు, గోడల అతుకులు విడిపోయేవి. తెల్ల జిగురు, ఎపాక్సీ, సన్న మేకులు ఏవీ నిలవలేదు.

పనిచేసింది కొండపల్లి బొమ్మలకు వాడే మక్కు, అంటే చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. ముందు పాత జిగురంతా చెక్క కనబడేదాకా గీకేశాను. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి, సన్న సెగ మీద సాగేదాకా ఉడికించాను. జల్లించిన రంపపు పొట్టు అందులో వేసి చపాతీ పిండిలా కలిపాను. అతుకుల్లో వేలితో కూరి, నూలుదారంతో బిగించి, నీడలోనే ఆరబెట్టాను. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. ఆరాక గరుకు కాగితంతో రుద్దితే అతుకు వేలికి తగల్లేదు. తలుపు మీద అమ్మ గీసుకున్న ముగ్గు జోలికి మాత్రం పోలేదు.

తెల్లపొణికి మెత్తటి, తేలికైన చెక్క కాబట్టి పట్టిందేమో. టేకుకు, ప్లైవుడ్‌కు ఇలాగే పడుతుందని చెప్పలేను, ముందు చిన్న ముక్క మీద చూసుకోండి.