షెల్టర్ కుక్కను దత్తత తీసుకునేవారికి

విజయవాడలో కుక్కను పెంచుకోవాలనుకునేవారు అన్నిటికంటే ముందు మే నెల గురించి ఆలోచించాలి. రోహిణి కార్తెలో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్లే ఊరిలో, ఎండకు ఉక్కపోత కూడా తోడయ్యే చోట, మంచు ప్రాంతాల కోసం పుట్టిన హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి జాతులను వేలకు వేలు పోసి కొని తెచ్చి ఏసీ గదికి పరిమితం చేయడం వాటిని హింసించడమే అవుతుంది. తరతరాలుగా ఈ ఎండకు అలవాటు పడిన నాటు కుక్కలు, దిక్కులేని జంతువులను చేరదీసే షెల్టర్లలో ఎన్నో ఎదురుచూస్తున్నాయి. వాటిలోనూ ఏడాది దాటినదాన్ని ఎంచుకోమనే చెబుతాను. రెండు నెలల పిల్ల ముద్దుగా ఉంటుంది కానీ అది ఎంత ఎదుగుతుందో, ఎలాంటి స్వభావం వస్తుందో తెలియదు. పైగా టీకాలన్నీ పూర్తయ్యేదాకా పార్వో అనే ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాల జబ్బు భయం వెంటాడుతూనే ఉంటుంది. పెద్ద కుక్క విషయంలో ఇవి చాలావరకు తేలిపోయి ఉంటాయి.

షెల్టర్‌కు ఒక్కసారి వెళ్లి అప్పటికప్పుడు తెచ్చేసుకోకండి. ఇంట్లోవాళ్లందరూ, ముఖ్యంగా పగలంతా ఇంట్లో ఉండే పెద్దవాళ్లు, దాన్ని చూసి సరేననాలి. అది తింటున్నప్పుడు మరో కుక్క దగ్గరకు వస్తే ఏం చేస్తుందో, తల మీదుగా చెయ్యి వెళ్తే జంకుతుందో లేదో గమనించండి. ఎక్కడ దొరికింది, ఏ టీకాలు పడ్డాయి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందా, పిల్లలతో, పిల్లులతో ఎలా ఉంటుంది అన్నవి అడిగి తెలుసుకోండి. వాళ్లు కూడా మిమ్మల్ని ఎన్నో అడుగుతారు, ఇల్లు చూస్తామంటారు, కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు. అందులో చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. అడగకుండా ఇచ్చేసే చోటునే అనుమానించాలి. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ముందే తీసుకోండి. పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి, అయితే బయట గొలుసు పట్టుకోవడం, అది చేసిన మలాన్ని మనమే ఎత్తడం మన బాధ్యత.

ఇంటికి వచ్చిన మొదటి రోజుల్లోనే చాలామంది తొందరపడతారు. కొత్త కుక్క వచ్చిందని చుట్టుపక్కలవాళ్లను పిలవడం, వచ్చీ రాగానే స్నానం చేయించడం, పిల్లల చేత ఎత్తించడం అప్పుడు అసలు చేయకూడనివి. అది మంచం కిందో, వాషింగ్ మెషిన్ వెనకో దూరి, చెవులు వెనక్కి వాల్చి, ఆకలి లేకపోయినా మాటిమాటికీ పెదవులు నాక్కుంటూ, నిద్ర రాకపోయినా ఆవులిస్తూ ఉంటే అది భయపడుతోందని అర్థం. బయటకు లాగకండి. నీళ్ల గిన్నె దగ్గరలో పెట్టి, దానివైపు సూటిగా చూడకుండా, కాస్త దూరంలో పక్కకు తిరిగి కూర్చుని మీ పని మీరు చేసుకోండి. దానంతట అదే వచ్చి మీ చెయ్యి వాసన చూసేదాకా ఆగండి. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు అని కుక్కలను సాకేవాళ్లు ఒక లెక్క చెబుతారు. కొన్నింటికి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. షెల్టర్‌లో పెట్టిన తిండినే మొదట పెట్టి, వారం రోజుల్లో మెల్లగా మార్చండి. బెదిరిన కుక్క గేటు తెరిచి ఉంటే చాలు పారిపోతుంది కాబట్టి మెడపట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల తగిలించే ఉంచండి.

మొదటి వారంలోనే పశువైద్యుడికి చూపించండి. పెద్ద జబ్బులకు గన్నవరంలోని పశువైద్య కళాశాల దగ్గరలోనే ఉంది. రేబిస్ టీకా ఏటా వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేసిన సందర్భంగా ఏటా అదే రోజున జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన దినం, జరుపుతారు. అప్పుడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకాను ఉచితంగా వేస్తుంటారు. నట్టల మందు వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం పట్టించాలి. ఎవరికైనా పన్ను దిగినా, గోరు గీరుకున్నా గాయం మీద కారం, సున్నం పెట్టకుండా, ధారగా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు వైద్యం లేదు.

మన వాతావరణంలో అసలు శత్రువులు పిడుదులు. కాలివేళ్ల సందుల్లో, చెవుల లోపల, మెడపట్టీ కింద రోజూ వేళ్లతో తడిమి చూడండి. కనబడితే చర్మానికి ఆనించి పట్టకారుతో తిన్నగా లాగాలి, కిరోసిన్ పోయకూడదు. అవి గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి కనుక కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే మళ్లీ వస్తాయి. పిడుదులు మోసుకొచ్చే జ్వరంలో కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. ఆ స్థితిలో ఒక్క రోజు కూడా ఆగకుండా రక్త పరీక్ష చేయించాలి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే కుక్కల పిడుదుల మందును దాని ఒంటికి తగలనివ్వకండి. అలాంటి కొన్ని మందుల్లో ఉండే పర్‌మెత్రిన్ పిల్లులకు విషం.

వేసవిలో షికారు తెల్లవారుజామున, పొద్దు వాలి నేల చల్లబడ్డాకే. మీ చేతి వెనక భాగాన్ని సిమెంటు రోడ్డుపై కాసేపు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలుతాయి. విపరీతంగా ఒగరుస్తూ, నోట చొంగ కార్చుకుంటూ తూలుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, ఫ్యాను పెట్టి వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

తిండి సంగతి సులువే: ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసం కలిపిన అన్నం పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసులు, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష పెట్టకూడదు. జ్వరం వచ్చిందని పారాసెటమాల్ ఇవ్వకూడదు. దీపావళి రాత్రి లోపలి గదిలో కిటికీలు మూసి తోడుగా ఉండండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అలాంటి పరిస్థితి కోసం టీకాల పుస్తకం, గొలుసు, కొద్ది రోజుల తిండి ఒక సంచిలో సిద్ధంగా ఉంచండి. ఎక్కడికీ తీసుకెళ్లే వీలు లేని స్థితి వస్తే, కనీసం కట్టు విప్పి మేడ మీదకు చేర్చండి.

బదిలీ వల్లనో, అనారోగ్యం వల్లనో ఇక పెంచలేని పరిస్థితి వస్తే కరకట్ట మీదో, మరో వీధిలోనో వదిలిపెట్టి రాకండి. అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. తెచ్చిన షెల్టర్‌కే ముందుగా ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన రోజున స్వయంగా అప్పగించండి. టీకాల పుస్తకంతో పాటు అది ఏం తింటుందో, దేనికి భయపడుతుందో, ఏ పేరుకు పలుకుతుందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.