కడపలో గ్రూప్ రైడ్‌కి పోవాలనుకుంటే

గేర్ సైకిలే కొనాలని ఏం లేదు, ఇంట్లో మూలన పడున్నదాన్ని దులిపి బ్రేకులు, చైను షాపులో చూపించుకుంటే చాలు. సీటు ఎత్తు మాత్రం సరిచూసుకోండి: పెడల్ పూర్తిగా కిందికి పోయినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు చాపినట్టుండాలి, లేదంటే మోకాళ్లు పట్టేస్తాయి.

మొదట దేవుని కడప దాకా పోయి రండి. ఒంటిమిట్ట దాదాపు 25 కిలోమీటర్లు, పైగా లారీల రోడ్డు, అది తర్వాత. మన ఎండలకి తెల్లారకముందే బయల్దేరాలి కాబట్టి వెనక ఎర్ర లైటు తప్పనిసరి. రోడ్డు అంచున కంప ముళ్లుంటాయి, స్పేర్ ట్యూబు, చేతి పంపు పెట్టుకోండి.

గుంపులో ముందువాళ్ల వెనక చక్రం పక్కకి మీ ముందు చక్రం పోనివ్వొద్దు, వాళ్లు కాస్త జరిగితే పడేది మీరే. గుంత కనిపిస్తే చెయ్యి చూపించి గట్టిగా అరవండి, ఇందులో మొహమాటం దేనికి!