ఆయుర్వేద, హోమియో అనుభవాన్ని అమెరికా పీఏ కోర్సు దరఖాస్తులో ఎలా చూపించాలి?

బీఏఎంఎస్ గానీ బీహెచ్‌ఎంఎస్ గానీ పూర్తిచేసి అమెరికా చేరినవారు అక్కడ డాక్టర్లతో కలిసి రోగులను పరీక్షించి చికిత్స చేసే ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ) కోర్సు వైపు చూసినప్పుడు, ఇన్నేళ్లు రోగులను చూసిన అనుభవం లెక్కలోకి వస్తుందా అన్న సందేహం తప్పకుండా వస్తుంది. దీన్ని తేల్చేది దరఖాస్తులు స్వీకరించే ‘కాస్పా’ కాదు. ఏ కాలేజీ నిర్ణయం ఆ కాలేజీదే.

మొదట, మీ పనిని వైద్య విధానం పేరుతో కాకుండా, రోగి దగ్గర మీరు స్వయంగా చేసిన పనులుగా విడదీసి రాసుకోండి. చికిత్స బాధ్యత నేరుగా మీపై ఉన్న గంటలను కాస్పా ‘పేషెంట్ కేర్’ కింద, ఆ బాధ్యత లేని గంటలను ‘హెల్త్‌కేర్’ కింద అడుగుతుంది. ఒకే గంటను రెండు చోట్లా చూపకూడదు. పంచకర్మ విభాగంలో రోజుకు ఆరు గంటలు పనిచేశారనుకుందాం. కేసు షీటు రాసి, బీపీ చూసి, వస్తి (ఔషధ ఎనీమా) ఇచ్చి, ఆ తర్వాత రోగి నీరసించకుండా కనిపెట్టుకుని ఉన్న నాలుగు గంటలు మొదటి పద్దుకు చెందుతాయి. అపాయింట్‌మెంట్ల పుస్తకం, మందుల నిల్వ చూసుకున్న రెండు గంటలు రెండో పద్దుకు వెళ్తాయి. డిగ్రీలో భాగంగా చేసిన గంటలను చాలా కాలేజీలు లెక్కించవు కాబట్టి, ఏడాది ఇంటర్న్‌షిప్ మీద ఆశ పెట్టుకోవద్దు.

తర్వాత, దరఖాస్తు రుసుము కట్టకముందే ప్రతి కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసుకు ఈమెయిల్ రాయండి. ఇదే అన్నిటికంటే ముఖ్యమైన పని. ‘ఆయుర్వేదం ఒప్పుకుంటారా?’ అని అడిగితే ముక్తసరి జవాబే వస్తుంది. పైన చెప్పినట్లు పనులు, గంటలు, పర్యవేక్షించినవారి హోదా రాసి, భారతదేశంలో లైసెన్సుతో చేసిన ఈ పనిని ఏ పద్దులో తీసుకుంటారని అడగండి. ఆక్యుపంక్చర్, మసాజ్ థెరపీ, కైరోప్రాక్టిక్ (వెన్నెముకను చేతులతో సరిచేసే వైద్యం) క్లినిక్‌లో సహాయకులుగా పనిచేసినవారికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. వచ్చిన జవాబును భద్రపరచుకోండి.

దరఖాస్తులో వివరణ రాసేటప్పుడు వస్తి, స్వేదనం (చెమట పట్టించే చికిత్స) వంటి మాటలను వదిలేయనవసరం లేదు గానీ, వాటి పక్కనే ఏం చేశారో మామూలు మాటల్లో చెప్పాలి. ఆయుర్వేదమన్న సంగతిని దాచడం మాత్రం తగదు. అది నిజాయితీకి సంబంధించిన విషయం. అలాగే, అమెరికాలో ఏ రాష్ట్రమూ ఆయుర్వేద వైద్యానికి లైసెన్సు ఇవ్వదు కాబట్టి, అక్కడ ఇంట్లో స్నేహితులకు సలహాలిచ్చిన గంటలను చికిత్సగా చూపకండి.

భారతదేశంలోని మీ మార్కుల జాబితాలను అమెరికా చదువులతో పోల్చి మదింపు చేయించే పని కూడా ముందే మొదలుపెట్టండి.

ఇంత చేసినా, ఈ అనుభవమొక్కదాని మీదే ఆధారపడమని నేను చెప్పను. కొన్ని కాలేజీలు 500 గంటలు, కొన్ని 1,000, మరికొన్ని 2,000 అడుగుతాయి. పని చేయడానికి వీసా అనుమతి ఉంటే, నర్సింగ్ అసిస్టెంట్‌గానో అంబులెన్సులో ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకులు)గానో శిక్షణ పొంది అమెరికాలోనే కొన్ని వందల గంటలు పనిచేయండి. ఆ గంటలకు సంతకం పెట్టేవారూ, సిఫారసు లేఖ రాసేవారూ అక్కడే దొరుకుతారు.