చెరోకీ మూలాలు వెతికే ముందు ఈసీ తీయండి

నేను 31 ఏళ్లు గుంటూరు జిల్లాలో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో పనిచేశాను. 'ఈ పొలం మా తాతదండీ' అంటూ ఎవరైనా వస్తే 'కాగితం తెచ్చారా' అని అడగడం తప్ప వేరే పలకరింపు నాకు రాదు. ఇప్పుడు ఏడాదిలో ఆరు నెలలు ఓక్లహోమాలోని టల్సాలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. కోడలు ఇక్కడి అమ్మాయే. కిందటి శీతాకాలంలో ఒక రాత్రి భోజనాల దగ్గర వియ్యపురాలు 'మా నాయనమ్మ వాళ్ల అమ్మ పూర్తి చెరోకీ, జడ నడుము దాటేది' అన్నారు. చెరోకీ అంటే అమెరికా ఆదివాసీ తెగల్లో ఒకటి. మనవరాలు గరిటె అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది. 'అయితే నేను కూడానా తాతయ్యా?' కాగితాలు చూద్దాం అన్నాను. పని అలా నా నెత్తిన పడింది. ఆ పెద్దావిడకు ఇంట్లో 'జడ ముత్తవ్వ' అని పేరు పెట్టుకున్నాం.

అమెరికాలో ఇలాంటి కథ ఉన్న ఇళ్లు కోకొల్లలు. 2020 జనాభా లెక్కల్లో తాము పూర్తిగానో కొంతగానో చెరోకీలమని రాయించుకున్నవాళ్లు 15 లక్షలు దాటారు. ఓక్లహోమాలోని తాలెక్వా రాజధానిగా ఉన్న చెరోకీ నేషన్‌లో, అంటే ఆ తెగ సొంత ప్రభుత్వంలో, పౌరులుగా నమోదైనవాళ్లు నాలుగున్నర లక్షలకు పైన. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరం ఉందో గమనిస్తే, కథను ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది. అలాగని కథను పారేయకండి. ఎవరు చెప్పారు, ఏ ఏడు చెప్పారు, తల్లివైపా తండ్రివైపా, ఏ ఊరి పేరు వినపడింది, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి పక్కన పెట్టండి. అందులో 'చెరోకీ యువరాణి' అనే మాట ఉంటే దాన్ని మాత్రం కొట్టేయండి. చెరోకీలకు రాజులు లేరు, యువరాణులు ఎక్కడి నుంచి వస్తారు?

ఇక పద్ధతి. మన దగ్గర స్థలం కొనేవాడు ఈసీ తీయిస్తాడు. ఇవాళ్టి యజమానికి ఎవరు అమ్మారు, వాళ్లకు ఎవరి నుంచి సంక్రమించింది అని వెనక్కి నడుస్తాడు. మధ్యలో ఒక్క లింకు డాక్యుమెంటు లేకపోయినా బ్యాంకు అప్పు ఇవ్వదు. వంశం వెతకడం కూడా అచ్చంగా ఇదే. చాలామంది 1838 నాటి ఏ పెద్ద నాయకుడి పేరో పట్టుకుని కిందికి దిగడం మొదలుపెడతారు. పైనుంచి దిగేవాడు ఎవరి పెరట్లోనైనా దిగగలడు. మీ జనన ధృవీకరణ పత్రంతో మొదలుపెట్టి, ఒక్కో తరానికి తల్లి, తండ్రి, పుట్టిన చోటు చూపించే కాగితం చేతికి వచ్చాకే పై తరానికి వెళ్లండి.

ఇంట్లో దొరికేవి ముందు చూడండి. పాత బైబిళ్ల మొదటి పేజీల్లో పుట్టుకలు, చావులు రాసుకోవడం ఇక్కడి ఆచారం. పత్రికల్లో వచ్చిన మరణవార్తల కత్తిరింపులు, సమాధి రాళ్లు కూడా పనికొస్తాయి. ప్రభుత్వ జనన మరణాల నమోదు ఓక్లహోమాలో 1908లో, అర్కన్సాస్‌లో 1914లో మొదలైంది. అంతకు ముందువాటికి కౌంటీ కచేరీల్లోని పెళ్లి రిజిస్టర్లే దిక్కు. పెళ్లితో ఇంటిపేరు మారే చోట ఆడవాళ్ల గొలుసు తెగేది అక్కడే కాబట్టి ఆ రిజిస్టర్లను వదలకండి. మరణ పత్రంలో సమాచారం ఎవరు ఇచ్చారో రాసే గడి ఒకటి ఉంటుంది. నేను ముందు దాన్నే చూస్తాను. కొడుకు చెబితే ఒక విలువ, పక్కింటివాడు చెబితే ఇంకో విలువ.

తర్వాత పదేళ్లకోసారి తీసిన జనాభా లెక్కలు. 1950 దాకా అందరూ చూడవచ్చు, ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో డబ్బు కట్టక్కర్లేదు. 1880 నుంచి 1930 దాకా ప్రతి మనిషి తల్లిదండ్రులు ఏ రాష్ట్రంలో పుట్టారో ఉంటుంది. 1900లో పుట్టిన నెల, ఏడాది కూడా ఉంటాయి. 1890 కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దాదాపు అన్నీ పోయాయి. ఆ ఇరవై ఏళ్ల గోతిలో పడని పరిశోధకుడు ఇక్కడ లేడు. జడ ముత్తవ్వ మాకు 1880లో ఆరేళ్ల పిల్లగా దొరికింది. ఊరు అర్కన్సాస్‌లోని వాషింగ్టన్ కౌంటీలో, ఇండియన్ టెరిటరీ (ఇప్పటి ఓక్లహోమాలో ఆదివాసీలకు ఇచ్చిన ప్రాంతం) సరిహద్దుకు ఇవతల. వర్ణం గడిలో తెల్లవారని ఉంది. ఇది చూసి నిరుత్సాహపడకండి, సంబరపడకండి కూడా. గడప దగ్గర నిలబడి మొహం చూసి నింపిన గడి అది. ఈ కాగితాల నుంచి ఊరు, వయసు, పక్క ఇళ్లవాళ్ల పేర్లు తీసుకోండి.

ఎందుకంటే చెరోకీ పరిశోధనలో ఊరే అసలు సాక్షి. 1835 డిసెంబరులో న్యూ ఎకోటా ఒప్పందం పేరుతో జార్జియా, టెనెసీ, అలబామా, నార్త్ కరోలినాల్లోని భూములు లాక్కున్నారు. 1838-39లో జనాన్ని సైన్యంతో తరిమి ఇప్పటి ఓక్లహోమాకు నడిపించారు. దారిలో వేలమంది పోయారు. ఇలా తరిమే ప్రభుత్వానికి, పరిహారం పంచే ప్రభుత్వానికి జాబితాలు కావాలి కదా. అందుకే చెరోకీల పేర్లు అడుగడుగునా రాసుకున్నారు. వీటిని రోల్ అంటారు. 1835లో తూర్పున హెండర్సన్ రోల్, 1851లో తూర్పున మిగిలినవాళ్లకు సైలర్ రోల్, 1851-52లో పడమటికి వచ్చినవాళ్లకు డ్రెన్నెన్ రోల్, అంతకుముందే వలస వచ్చినవాళ్లకు ఓల్డ్ సెట్లర్ రోల్. మీ కుటుంబం ఆ ఏళ్లలో ఆ చోట్ల ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. 1838లో పెన్సిల్వేనియాలో పొలం దున్నుకుంటున్న కుటుంబానికి ఈ జాబితాలతో పని ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది డాస్ రోల్. 1893లో ఏర్పడిన డాస్ కమిషన్ ఉమ్మడి భూమిని ముక్కలు చేసి మనిషికింత అని పంచడానికి 1898 నుంచి పేర్లు రాసింది. 1907 మార్చిలో పుస్తకం మూసింది, 1914లో కొద్దిమందిని చేర్చారు. చెరోకీ నేషన్ పౌరసత్వానికి ఈ జాబితాలోని వ్యక్తికి మీరు నేరుగా వారసులని చూపాలి. రక్తం ఇంత పాళ్లు ఉండాలనే లెక్క లేదు. తాలెక్వాలోనే ఉన్న యునైటెడ్ కీటూవా బ్యాండ్ మాత్రం నాలుగో వంతు అడుగుతుంది. నార్త్ కరోలినాలోని ఈస్టర్న్ బ్యాండ్‌కు 1924 నాటి బేకర్ రోల్‌లో పూర్వీకులు, కనీసం పదహారో వంతు రక్తం కావాలి. అమెరికా కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉన్న చెరోకీ తెగలు ఈ మూడే. ఇంకే సంఘమైనా డబ్బు తీసుకుని కార్డు ఇస్తానంటే జేబు మూసుకోండి.

డాస్ కార్డు చదవడం కొద్దిగా నేర్చుకోవాలి. సూచికను ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీ వెబ్‌సైటులో పేరుతో వెతకవచ్చు, అసలు కాగితాలు ఫోర్ట్‌వర్త్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కుటుంబానికి ఒక కార్డు. రోల్ నంబరు మనిషిది, కార్డు నంబరు కుటుంబానిది. మన సర్వే నంబరు, పట్టా నంబరు కలిపేసినట్టు ఈ రెండింటినీ కలిపేయకండి. పేరు పక్కన కుటుంబ పెద్దకు ఏమవుతారో, వయసు, రక్తం పాళ్లు ఉంటాయి. ఆ రక్తం గడిలో అన్నకు ఒక వంతు, చెల్లెలికి ఇంకో వంతు రాసిన సందర్భాలున్నాయి, కనుక దాన్ని శిలాశాసనంగా తీసుకోవద్దు. దాని తర్వాత 1880 నాటి చెరోకీల సొంత జనాభా జాబితాలో ఏ జిల్లాలో ఎన్నో నంబరో ఉంటుంది. ఇదే మన లింకు డాక్యుమెంటు, పై తరానికి తలుపు. తల్లిదండ్రుల పేర్లు వేరే వరుసలో ఉంటాయి. కార్డు నంబరు మీద 'డి' ఉంటే సందేహం, 'ఆర్' ఉంటే తిరస్కరణ. ప్రతి కార్డుకు ఒక దరఖాస్తు కట్ట ఉంటుంది. అందులో ప్రశ్నలు, జవాబులు మాటకు మాట రాసిన వాంగ్మూలాలు దొరుకుతాయి. వాటి కోసం మాత్రం ఒక పూట కేటాయించండి.

నా తప్పు కూడా చెప్పాలి. సూచికలో జడ ముత్తవ్వ పేరు, అదే వయసు కనపడగానే ఇల్లంతా వినపడేలా కేక పెట్టాను. మనవరాలు మర్నాడే బడిలో అందరికీ చెప్పేసింది. రెండు వారాల తర్వాత కార్డు తెరిచి చూస్తే తల్లి పేరు వేరు, తండ్రి పేరు వేరు, ఊరు అర్కన్సాస్ కాదు, చెరోకీ నేషన్‌లోని గోయింగ్‌స్నేక్ జిల్లా. ఒకే పేరున్న ఇద్దరు రైతుల పాస్‌పుస్తకాలు తారుమారైన కేసులు జీవితమంతా చూసిన మనిషిని, కార్డు తెరవకుండానే నమ్మాను. పేరు, వయసు కలిస్తే చాలదు. తోబుట్టువుల పేర్లు, భర్త పేరు, ఊరు ఒకదానితో ఒకటి కలవాలి. మనవరాలికి నేనే వెళ్లి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

జాబితాలో లేకపోతే చెరోకీ కాదనేనా? అందరి విషయంలో కాదు. భూమిని ముక్కలు చేయడమే అన్యాయమని చెరోకీ సంప్రదాయవాదుల నాయకుడు రెడ్‌బర్డ్ స్మిత్ వంటివారు పేరు ఇవ్వడానికి నిరాకరించారు, ఆయన్ను 1902లో నిర్బంధించారు కూడా. అలాగే చెరోకీల దగ్గర బానిసలుగా ఉన్న నల్లజాతివారి సంతతిని ఫ్రీడ్‌మెన్ అనే వేరే పట్టీలో రాశారు. వాళ్ల కార్డుల్లో పాత యజమాని పేరు ఉంటుంది. ఆ గడి చదువుతుంటే గొంతు పట్టేస్తుంది, కానీ వెనక్కి వెళ్లే దారి కూడా అదే. 1866 ఒప్పందం వాళ్లకు పూర్తి హక్కులు ఇచ్చింది. ఆ హక్కులు నిలబెట్టుకోవడానికి వాళ్లు కోర్టుల్లో 2017 దాకా పోరాడారు. 2021లో చెరోకీ నేషన్ సుప్రీంకోర్టు తమ రాజ్యాంగంలోంచి వాళ్లకు అడ్డుపడుతున్న 'రక్తం ద్వారా' అనే మాట తీసేయించింది.

ఇక నాకు బాగా నచ్చిన దస్త్రాలు గియోన్ మిల్లర్ అనే అధికారి పరిశీలించిన దరఖాస్తులు. పాత ఒప్పందాల కింద తూర్పు చెరోకీల వారసులకు డబ్బు చెల్లించాలని 1905-06లో తీర్పులు వచ్చాయి. 1907 ఆగస్టు 31 గడువు. సుమారు 46 వేల దరఖాస్తులు, వాటిలో 90 వేలమంది హక్కుదారుల పేర్లు. ఒప్పుకున్నది 30 వేల పైచిలుకు మందిని. డబ్బు వస్తుందంటే చుట్టరికాలు పుట్టడం లోకమంతా ఒకటే. అయినా తిరస్కరించినవాటిని కూడా తప్పకుండా చదవండి. అందులో తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, 1851లో ఎక్కడ ఉన్నారు అని వరసగా అడిగారు. మూడు తరాల వంశవృక్షం ఒకే ఫారంలో, ఇద్దరు సాక్షులతో. ఇంత మంచి దస్తావేజు నా సర్వీసులో చూడలేదు.

డీఎన్ఏ పరీక్ష సంగతి చాలామంది అడుగుతారు. ఉమ్మితో చెరోకీ అని తేల్చే పరీక్ష లేదు, చెరోకీ నేషన్ కూడా దాన్ని పౌరసత్వానికి తీసుకోదు. దగ్గరి చుట్టాలను కనుక్కోవడానికి మాత్రం ఉపయోగం. డబ్బు మీది, ఇష్టం మీది.

టల్సా నుంచి గంటకు పైగా కారులో వెళ్తే తాలెక్వా వస్తుంది. వీధి బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు చెరోకీ లిపి ఉంటుంది. దాన్ని 1821 నాటికి రూపొందించిన సెక్వోయా వెండిపని చేసే కంసాలి, ఏ భాషా చదవడం రానివాడు. ఒక్కో అక్షరానికి ఒక్కో పలుకు, మొత్తం 85. మన గుణింతం లాగే ఉందే అని నేను బోర్డు కింద నిలబడిపోతే, మా అబ్బాయి వెనక కారు హారను మోగిస్తున్నాడని గుర్తుచేశాడు. పాత చెరోకీ పద్ధతిలో కులగోత్రం తల్లివైపు నుంచి వచ్చేది, ఏడు గోత్రాలు. అందుకే ఆడవాళ్ల పేర్ల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

మా ఈసీ ఎక్కడ ఆగిందో కూడా చెబుతాను. జడ ముత్తవ్వ డాస్ రోల్‌లో లేదు. ఆమె అన్న 1907లో మిల్లర్‌కు దరఖాస్తు పెట్టాడు, పూర్వీకులెవరూ ఏ జాబితాలోనూ లేరని తిరస్కరించారు. ఆ కాగితం ముద్రించి వియ్యపురాలి ముందు పెట్టాను. తోబుట్టువుల పట్టీలో జడ ముత్తవ్వ పేరు ఉంది. జార్జియాలో పుట్టిన ఒక అవ్వ పేరు ఉంది, అది ఈ ఇంట్లో ఎవరూ వినని పేరు. చెరోకీ కాదన్న సంగతి ఆవిడ ఒక నిమిషంలో దాటేశారు. ఆ పేరును మాత్రం మూడుసార్లు పైకి చదివారు. మనవరాలు వేలు కాగితం చివర ఆగింది. సంతకం ఉండాల్సిన చోట అడ్డదిడ్డంగా ఒక ఇంటూ గుర్తు, పక్కన గుమాస్తా దస్తూరితో పెద్దాయన పేరు.

'ఇదేమిటి తాతయ్యా?'

'నిశాని' అన్నాను.