‘యుద్ధానికి జనం సై’ అన్న వార్తను ఎలా చదవాలి?

చిక్కడపల్లిలో మేం రోజూ చాయ్ తాగే హోటల్లో టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. మొన్నో సాయంత్రం కింద స్క్రోలింగ్ వచ్చింది: ‘యుద్ధానికి జనం సై’. పక్క టేబుల్ పెద్దాయన ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, ‘నన్నెవరూ అడగలేదే!’ అన్నాడు. ఆ మాటలో బిస్కెట్ నాని కప్పులో పడిపోయింది. ఆయన అడిగింది మాత్రం సరైన మాటే.

1. ముందు ప్రశ్న వెతకండి, శాతం తర్వాత. 2003 జనవరిలో అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వేల సంస్థ జనాన్ని అడిగింది. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్‌ను దించడానికి ఇరాక్‌పై సైనిక చర్య కావాలా అంటే 68 శాతం మంది కావాలన్నారు. అమెరికా సైనికుల్లో వేలమంది చనిపోవడమో గాయపడడమో జరిగినా సరేనా అని కలిపి అడిగితే 43 శాతమే సరేనన్నారు. పేపర్లో 68 ఒక్కటే పడితే అది అబద్ధం కాదు, కానీ మీ చేతికొచ్చింది సగం వార్తే. ప్రశ్న ఏమిటో రాయని సర్వే వార్తను నేనైతే పక్కన పెట్టేస్తాను.

2. ఎవరిని, ఎప్పుడు అడిగారో చూడండి. కోఠిలో నలుగురి ముందు మైకు పెడితే అది సర్వే కాదు. ఛానల్ పెట్టే ఆన్‌లైన్ పోల్ కూడా అంతే, ఆ ఛానల్ చూసేవాళ్లే ఓటేస్తారు. ఇక దాడి జరిగిన వారంలో ఉండే ఆవేశం వేరు. అమెరికాపై 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, గాలప్ అనే సంస్థ సర్వేల్లో అప్పటి అధ్యక్షుడు బుష్‌కు మద్దతు 51 నుంచి 90 శాతానికి ఎగబాకింది.

3. డిబేట్ చూస్తూ గీతలు పెట్టండి. ఓ రాత్రి నేను కరెంటు బిల్లు వెనక ‘కావాలి’, ‘వద్దు’ అని రెండు గళ్లు గీసుకుని కూర్చున్నాను. కావాలన్నవాళ్లు ఐదుగురు. వద్దన్నది ఒక్కడే, అతను నోరు తెరవగానే యాంకర్ బ్రేక్‌కి వెళ్లాడు! ఇరాక్ యుద్ధం మొదలైన మూడు వారాల్లో అమెరికా ఛానళ్ల వార్తల్లో మాట్లాడిన 1,617 మందిని మీడియా తీరును గమనించే ఫెయిర్ అనే సంస్థ ఇలాగే లెక్కపెట్టింది. వాళ్లలో అమెరికన్లను మాత్రమే చూస్తే, యుద్ధం వద్దన్నవాళ్లు 3 శాతమే. అప్పటి సర్వేల్లో మాత్రం వద్దన్నవాళ్లు దాదాపు నాలుగో వంతు ఉన్నారు.

4. మర్నాటి పేపర్లూ చూడండి. సిటీ సెంట్రల్ లైబ్రరీలో తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ పేపర్లు పక్కపక్కన పెట్టుకుని, నిరసన వార్త ఏ పేజీలో వేశారో వెతకండి. 2002 అక్టోబర్ 26, శనివారం వాషింగ్టన్‌లో ఇరాక్‌పై యుద్ధం వద్దంటూ పెద్ద ఊరేగింపు జరిగింది. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ నిర్వాహకులు ఆశించినంత మంది రాలేదని రాసింది. 30న అదే పత్రిక పోలీసుల అంచనా లక్ష, నిర్వాహకులది రెండు లక్షలు అని వేసింది. ఆదివారం పేపర్‌తో ఆగిపోయినవాళ్లకు ఆ లక్ష మంది కనబడనే లేదు.