కార్బన్ ఫైబర్ డ్రైవ్‌షాఫ్ట్: కొనేముందు వేయాల్సిన లెక్క, బిగించేటప్పుడు తీయాల్సిన కొలత

గేర్‌బాక్స్ నుంచి వెనుక డిఫరెన్షియల్‌కు శక్తిని చేరవేసే పొడవాటి డ్రైవ్‌షాఫ్ట్‌ను కార్బన్ ఫైబర్‌కు మార్చాలనుకునేవారు సాధారణంగా మొదట చూసేది బరువు. బరువు తగ్గే మాట నిజమే. అయితే షాఫ్ట్ గొట్టం వ్యాసార్థం చిన్నది కాబట్టి దాని భ్రమణ జడత్వం చక్రాలు, టైర్లతో పోలిస్తే చాలా స్వల్పం; అందువల్ల కొన్ని కిలోలు తగ్గినంత మాత్రాన కారు పరుగులో పెద్ద తేడా కనిపించదు. ఈ మార్పుకు గట్టి కారణం మరొకటి ఉంది. దానిని క్రిటికల్ స్పీడ్ అంటారు, లెక్క మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.

పొడవైన షాఫ్ట్ ఏదైనా ఒకానొక భ్రమణ వేగం దగ్గరికి వచ్చేసరికి, ఆ వేగం దాని సహజ కంపన పౌనఃపున్యంతో కలిసిపోయి, నడుము దగ్గర వంగి స్కిప్పింగ్ తాడులా బయటికి ఉబకడం మొదలుపెడుతుంది. ఈ హద్దును మూడు విషయాలు నిర్ణయిస్తాయి: గొట్టం వ్యాసం, పొడవు, పదార్థపు దృఢత్వానికీ సాంద్రతకూ ఉన్న నిష్పత్తి. హద్దు పొడవు వర్గానికి (స్క్వేర్‌కు) విలోమంగా మారుతుంది కాబట్టి, షాఫ్ట్ పొడవు 10 శాతం పెరిగితే క్రిటికల్ స్పీడ్ దాదాపు 17 శాతం పడిపోతుంది. ఉక్కుకూ అల్యూమినియంకూ ఆ నిష్పత్తి దాదాపు సమానం. అంటే అదే కొలతలతో ఉక్కు బదులు అల్యూమినియం షాఫ్ట్ వేస్తే బరువు తగ్గుతుందే తప్ప హద్దు పెరగదు. కార్బన్ ఫైబర్‌లో మాత్రం, పోగులను పొడవు వెంబడి ఎక్కువగా పరిస్తే ఆ నిష్పత్తి బాగా పెరుగుతుంది. మెలితిప్పే బలాన్ని (టార్క్‌ను) తట్టుకోవాలంటే పోగులు దాదాపు 45 డిగ్రీల వాలులో కూడా ఉండాలి. ఈ రెండింటి పాళ్లు తయారీదారు చేతిలో ఉంటాయి కాబట్టి, పైకి ఒకేలా కనిపించే రెండు గొట్టాల సామర్థ్యం ఒకటే కానక్కరలేదు. క్రిటికల్ స్పీడ్, టార్క్ పరిమితి, ఉష్ణోగ్రత పరిమితి అనే మూడు అంకెలను రాతపూర్వకంగా ఇవ్వని అమ్మకందారు దగ్గర ఈ భాగం కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మీ కారుకు ఎంత వేగం అవసరమో ఇలా లెక్కించవచ్చు. టైరు చుట్టుకొలత 2.07 మీటర్లు, ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ తిరిగే చుట్లు) 3.73 అనుకుందాం. గంటకు 250 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి సుమారు 2,010 చుట్లు, షాఫ్ట్ సుమారు 7,500 చుట్లు తిరుగుతాయి. 1.5 మీటర్ల పొడవు, 89 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒకే ముక్క ఉక్కు షాఫ్ట్‌కు సిద్ధాంతపరంగా వచ్చే హద్దు సుమారు 6,650 చుట్లు. జాయింట్ల మెత్తదనం వల్ల వాస్తవంలో అది ఇంకా తగ్గుతుంది. పైగా ఏ షాఫ్ట్‌నైనా హద్దులో నాలుగింట మూడు వంతులకు మించి తిప్పకపోవడం క్షేమం. తయారీ సంస్థలు చాలా కార్లలో షాఫ్ట్‌ను రెండు ముక్కలు చేసి మధ్యలో సెంటర్ బేరింగ్ పెట్టడానికి ముఖ్య కారణం ఇదే. కార్బన్ గొట్టం ఒకే ముక్కగా ఉండి ఆ హద్దును దాటించగలదు.

టార్క్ లెక్కను ఇంజిన్ అంకెతో ఆపకూడదు. 600 న్యూటన్ మీటర్ల ఇంజిన్, 3.2 నిష్పత్తి గల మొదటి గేరు ఉంటే షాఫ్ట్ మీద పడేది 1,920 న్యూటన్ మీటర్లు. ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ దీనిని ఇంకా పెంచుతుంది, మాన్యువల్‌లో క్లచ్‌ను ఒక్కసారిగా వదిలినప్పుడు వచ్చే కుదుపు అంతకంటే కఠినం.

ఉష్ణం విషయాన్ని తేలికగా తీసుకోవద్దు. పోగులను పట్టి ఉంచే ఎపాక్సీ రెసిన్ ఒక ఉష్ణోగ్రత దాటాక మెత్తబడుతుంది. ఎగ్జాస్ట్ గొట్టం కారు అడుగున షాఫ్ట్ ఉండే గాడిలో, అంటే అదే టన్నెల్‌లో పక్కనే నడుస్తుంది. ఎఫ్80 తరం బీఎండబ్ల్యూ ఎం3లో ఫ్యాక్టరీ నుంచే ఒకే ముక్క కార్బన్ షాఫ్ట్ వచ్చేది; తరువాత ఉద్గారాల నియంత్రణ పరికరాలకు చోటు కావలసి వచ్చి ఆ సంస్థ తిరిగి ఉక్కుకు మారింది. కార్బన్ గొట్టం లావుగా ఉంటుందన్న సంగతిని ఈ ఉదాహరణ బాగా గుర్తు చేస్తుంది. కాబట్టి ఆర్డరుకు ముందే టన్నెల్, ఎగ్జాస్ట్, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్ల దగ్గర ఎంత ఖాళీ ఉందో చూసి, షాఫ్ట్ ఎక్కించాక కారుతో వచ్చిన హీట్ షీల్డ్‌లను (వేడిని అడ్డుకునే రేకులను) తప్పనిసరిగా తిరిగి బిగించాలి.

కొలతలు తీసేటప్పుడు కారు బరువు చక్రాల మీదే ఉండాలి. సస్పెన్షన్‌ను వేలాడదీసి తీసిన కొలత, ముఖ్యంగా వెనుక చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసుకు ఉండే సాలిడ్ యాక్సిల్ కార్లలో, తప్పు పొడవునిస్తుంది. గేర్‌బాక్స్‌లోకి దూరే స్లిప్ యోక్ పూర్తిగా లోపలికి తగిలే స్థానం నుంచి 20 నుంచి 25 మిల్లీమీటర్లు వెనక్కి ఉండేలా చూడాలి. రెండు చివరలా బోల్టులతో బిగించే పళ్లెం లాంటి ఫ్లాంజ్‌లే ఉన్న కారులో, పాత షాఫ్ట్ మధ్యలోని జారే జాయింట్ చేసిన పనిని కొత్త షాఫ్ట్‌లో ఏ భాగం చేస్తుందో అడిగి తెలుసుకోవాలి. అది లేకపోతే పొడవు దిశలో వచ్చే ఒత్తిడి నేరుగా కార్బన్‌నూ లోహపు చివరలనూ అతికించిన జిగురు మీద పడుతుంది.

పాత షాఫ్ట్ విప్పేముందు ఫ్లాంజ్‌ల స్థానాన్ని గుర్తు పెట్టుకోండి. కారును దృఢమైన స్టాండ్ల మీద సమతలంగా నిలిపి, ఎగ్జాస్ట్, హీట్ షీల్డ్, సెంటర్ బేరింగ్ బోల్టులను విప్పాలి. గేర్‌బాక్స్ చివర నుంచి ఆయిల్ కారితే వెంటనే మూసివేసి, సీల్ అరిగి ఉంటే ఈ అవకాశంలోనే మార్చాలి. పినియన్ (డిఫరెన్షియల్‌లోకి శక్తిని తీసుకెళ్లే గేరు) ఫ్లాంజ్ వంకరగా తిరుగుతోందేమో డయల్ గేజ్‌తో చూడకుండా కొత్త షాఫ్ట్ ఎక్కించవద్దు, ఎందుకంటే ఆ వంకరను ఎంత బాగా బ్యాలెన్స్ చేసిన షాఫ్ట్ అయినా సరిదిద్దలేదు. కొత్త గొట్టాన్ని వైస్‌లో బిగించకూడదు, దాని మీద జాక్ ఆనించకూడదు, ఒక చివర బిగించి రెండో చివరను వేలాడదీయకూడదు. పైపొర మీద పడిన లోతైన గీత పోగులను తెంపుతుంది. బోల్టులు కొత్తవి వాడి, కారు తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించాలి.

షాఫ్ట్ చివరల్లో వంపును అనుమతించే కీళ్లయిన యూ-జాయింట్ల కోణాల దగ్గరే ఎక్కువ మంది తడబడతారు. రెండు ముక్కల షాఫ్ట్ స్థానంలో ఒకే ముక్క వచ్చినప్పుడు కోణాలు మారిపోతాయి. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ రేఖ, పినియన్ రేఖ సమాంతరంగా ఉండి, రెండు జాయింట్ల కోణాలు సమానమై, ఒక్కొక్కటి సుమారు 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉండాలి. సున్నా కోణం కూడా మంచిది కాదు. నీడిల్ బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి. పాత అమరికలో రబ్బరు కప్లింగ్ ఉండి, టార్క్ దాని పరిమితిలోనే ఉంటే, రోడ్డు మీద తిరిగే కారుకు దానిని ఉంచుకోవడమే నేను మెచ్చుతాను, ఎందుకంటే కుదుపులను మింగేది అదే.

కార్బన్ గొట్టం విరిగినప్పుడు ఉక్కులా మొద్దుగా కొట్టుకోక పోగులుగా చీలిపోయే అవకాశం ఎక్కువ. అయినా చివరల్లోని లోహపు యోక్‌లు అలాగే మిగులుతాయి కనుక తెగిన షాఫ్ట్ కింద పడకుండా పట్టే వలయం, అంటే సేఫ్టీ లూప్, పెట్టాల్సిందే. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమం దానిని ముందు యూ-జాయింట్‌కు 6 అంగుళాల లోపు ఉంచమంటుంది. సస్పెన్షన్ పూర్తిగా అణిగినా లూప్ గొట్టానికి తగలకూడదు.

మొదటి పరీక్షలో వేగాన్ని మెల్లగా పెంచుతూ కంపనాన్ని గమనించండి. ఒకే కారు వేగంలో గేరు మార్చినా కంపనం మారకపోతే ఇంజిన్‌ను అనుమానించనక్కరలేదు. పై ఉదాహరణలోని కారులో గంటకు 100 కిలోమీటర్ల దగ్గర చక్రం సెకనుకు సుమారు 13 సార్లు, షాఫ్ట్ 50 సార్లు తిరుగుతాయి. ఫోన్‌లోని కంపన యాప్ 50 హెర్ట్జ్ చూపితే బ్యాలెన్స్ లేదా ఫ్లాంజ్ వంకర, 100 హెర్ట్జ్ చూపితే జాయింట్ కోణం, 13 హెర్ట్జ్ చూపితే చక్రం వెతకాల్సిన చోట్లు. తొలి 100 కిలోమీటర్ల తరువాత బోల్టుల బిగింపు, గొట్టం మీద రాపిడి గుర్తులు, చివరల దగ్గర జిగురు గీత మళ్లీ చూడండి. ఆ గీత వెంబడి సన్నని పగులు కనిపిస్తే షాఫ్ట్‌ను ఆ రోజే విప్పి తయారీదారుకు పంపాలి.